స్లాబు పడితేనే సంత

హాస్టల్లో చేరిన మొదటి వారం ఎవరు పరిచయమైనా పేరు, ఊరు, బ్రాంచి అడుగుతారు కదా. నా బ్రాంచి చెప్పగానే చాలామంది ఒక్క క్షణం ఆగేవాళ్లు. "సివిలా? ర్యాంకు రాలేదా?" అని ఒకడు మొహం మీదే అడిగాడు. ర్యాంకు వచ్చింది. కంప్యూటర్ సైన్సులో సీటూ వచ్చేదే. మా నాయన కూడా అదే తీసుకోమని పట్టుబట్టాడు. ఆయన పాతికేళ్లకు పైగా బేల్దారి మేస్త్రి. "నేను పట్టిన తాపీ చాల్లే అబ్బయ్యా, నువ్వన్నా ఫ్యాను కింద కూచో" అన్నాడు. నేను వినలేదు. ఎందుకు వినలేదో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

మాది మార్కాపురం దగ్గర ఒక పల్లె. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, కనిగిరి, ఈ వైపంతా కలిపి పశ్చిమ ప్రకాశం అంటారు. ఒక పక్క నల్లమల, ఇంకో పక్క వెలిగొండలు. వాన పడితే పంట, పడకపోతే బోరు, బోరు ఎండితే హైదరాబాదు లేదా బెంగళూరు బస్సు. 1970లో జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపును, నెల్లూరు నుంచి కనిగిరి వైపును, గుంటూరు నుంచి ఒంగోలు వైపును తెచ్చి కలిపారు. మేం మాత్రం మాటలో, కరువులో ఇప్పటికీ సగం కర్నూలు వాళ్లమే.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. దేశానికి మాంద్యం వచ్చినప్పుడు మా లాంటి ప్రాంతాన్ని నిలబెట్టేది నిర్మాణ రంగమే. అయితే అది పేపర్లో ఫొటో పడే పెద్ద నిర్మాణం కాదు. మూడు గదుల ఇల్లు, బడికి ప్రహరీ గోడ, ఊరి మురుగుకాలువ లాంటి చిన్న నిర్మాణం.

ముందుగా 2019 సంగతి. మాంద్యం అనే మాట నేను పుస్తకంలో చదవకముందే ఆ ఏడాది మా ఇంట్లో చూశాను. కొత్త ప్రభుత్వం వచ్చాక పాత ఇసుక విధానం ఆగిపోయింది. సెప్టెంబరులో కొత్త విధానం వచ్చింది. అదే సమయంలో కృష్ణా, గోదావరి వరదల వల్ల తవ్వడం కుదరలేదన్నారు. తప్పు ఎవరిదనే దాని మీద ఆ నవంబరులో విశాఖలో, విజయవాడలో పెద్ద సభలే జరిగాయి. నేను ఆ తగువులోకి పోను. మా ఇంటికి తెలిసింది ఇది: ఇసుక లేకపోతే సిమెంటు ఉన్నా, ఇటుక ఉన్నా, డబ్బున్నా మేస్త్రికి పని లేదు. మా నాయన పొద్దున్నే అన్నం తిని, క్యారియరు కట్టించుకుని అడ్డా మీదికి పోయేవాడు. పదకొండుకల్లా అదే క్యారియరుతో తిరిగొచ్చేవాడు. ఆ అన్నమే మధ్యాహ్నం ఇంట్లో అందరం తినేవాళ్లం. ఎవరం ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు.

అప్పుడు గమనించిన విషయం ఒకటుంది. పని ఆగింది బేల్దారి వాళ్లకొక్కళ్లకే కాదు. హార్డ్‌వేరు కొట్టాయన ఖాతా ఇవ్వడం ఆపేశాడు. ట్రాక్టరు కిస్తీ కట్టలేక మా వీధి అన్న ఒకాయన బండిని ఫైనాన్సు వాళ్లకే అప్పగించి వచ్చాడు. అడ్డా పక్కన దోసెలు పోసే అవ్వ పిండి సగానికి తగ్గించింది. ఇసుక అనే ఒక్క సరుకు ఆగితే ఊరంతా నెమ్మదిగా ఆగింది.

తర్వాత 2020 మార్చి. పరీక్ష రాయకుండానే పాసైన పదో తరగతి బ్యాచ్ మాది, మీలో చాలామంది ఆ బ్యాచే. మనకది సెలవుల్లా మొదలైంది. నిర్మాణ కూలీలకు అలా కాదు. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశ జీడీపీ దాదాపు 24 శాతం పడిపోయిందని ప్రభుత్వ తొలి లెక్క చెప్పింది. అందులో నిర్మాణ రంగం పడింది 50 శాతం. అంటే సగానికి సగం. వ్యవసాయం ఒక్కటే 3.4 శాతం పెరిగింది. తర్వాతి మూడు నెలల్లోనూ జీడీపీ తగ్గడంతో మాంద్యం అనే మాట అధికారికంగానే వాడారు.

ఈ లెక్క చూసి "అయితే నిర్మాణం మాంద్యంలో అందరికంటే ముందు కూలిపోయే రంగం కదా, అది ఊరిని నిలబెట్టిందని ఎట్లా అంటావు?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సమాధానం ఆ తర్వాతి నెలల్లో ఉంది.

లాక్‌డౌన్ సడలింపుల్లో ముందు వచ్చినవాటిలో పల్లెల్లో నిర్మాణ పనులు ఒకటి. ఏప్రిల్ 20 నుంచే కేంద్రం వాటికి అనుమతి ఇచ్చింది. మా వైపు నిజంగా కదిలింది మాత్రం వానాకాలం దాటాకే. హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన వాళ్లలో కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడ ఉండాలంటే ఇల్లు కావాలి. ఏళ్ల తరబడి పునాదుల దగ్గర, లింటల్ దగ్గర ఆగిపోయిన ఇళ్లు మళ్లీ లేచాయి. ఒకాయన కూతురి పెళ్లి కోసం దాచిన డబ్బుతో పెళ్లి చిన్నగా చేసి, మిగిలినదాంతో పైన గది వేయించాడు. అదే ఏడాది డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం పేదల ఇళ్ల పథకం మొదలుపెట్టింది. ఒక్కో ఇంటికి యూనిట్ వ్యయం 1.80 లక్షలు. ఆ డబ్బుతో ఇల్లు పూర్తవుతుందా అనేది వేరే గొడవ. మొత్తానికి పని మొదలైంది. అడ్డా మీద మళ్లీ బేరం మొదలైంది.

మా నాయన ఆ రోజుల్లో కట్టిన ఒక ఇంటి స్లాబుకు నేను కూడా పనికి పోయాను. కాలేజీలు తెరవలేదు కదా. ఆ ఒక్కరోజు నాకు ఆర్థిక శాస్త్రం మొత్తం చెప్పింది. పొద్దున ఆరుకే మిల్లరు వచ్చింది. కంకర, ఇసుక, సిమెంటు పోసేవాళ్లు, తట్టలు అందించే ఆడోళ్లు, పైన పరిచేవాళ్లు, రాడ్ బెండింగ్ వాళ్లు, సెంట్రింగ్ చెక్కలు కనిపెట్టుకునేవాళ్లు, అంతా కలిపి పాతిక మంది. సాయంత్రానికి పాతిక కుటుంబాలకు కూలి డబ్బులు చేతికొచ్చాయి. స్లాబు రోజు ఇంటాయన కోడికూర పెట్టాల్సిందే, అది మా వైపు ఆనవాయితీ. అంటే కోళ్ల కొట్టుకూ ఆ రోజు బేరమే. మరుసటి రోజు వారపు సంత. సంతలో ఆ పాతిక మందిలో కనీసం పది మందిని చూశాను. ఒకామె పిల్లకు చెప్పులు కొంటోంది. ఇంకొకాయన కంది విత్తనాల అప్పు తీరుస్తున్నాడు. మా అమ్మ బియ్యం కొట్టు పాత బాకీలో సగం కట్టింది. స్లాబు పడితేనే సంత నడిచింది.

ఎకనామిక్స్ పేపర్లో దీన్నే గుణకం అంటారు. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం. ఆయన మళ్లీ ఖర్చు చేస్తే మరొకరి ఆదాయం. ఇట్లా ఒకే రూపాయి నాలుగు చేతులు మారుతుంది. కానీ పుస్తకం అడగని ప్రశ్న ఒకటుంది: ఆ రూపాయి ఏ ఊళ్లో చేతులు మారుతోంది?

మా నాయన పాత నోటుపుస్తకాలు తిరగేసి చూశాను. చిన్న ఇంట్లో ఖర్చులో మూడో వంతు దాకా కూలీలకే పోతుంది. ఇటుక, కంకర, ఇసుక, ట్రాక్టరు బాడుగలు చుట్టుపక్కల ఊళ్లకే వస్తాయి. సిమెంటు, స్టీలు డబ్బులు బయటికి పోతాయి, తప్పదు. మొత్తం మీద సగానికి పైన మా మండలాల్లోనే తిరుగుతుంది. ఇది ఒక మేస్త్రి లెక్క, శాస్త్రీయ సర్వే కాదు. కానీ మీ ఊళ్లో మేస్త్రిని అడిగి చూడండి, చాలా తేడా రాదనుకుంటాను.

ఇప్పుడు పెద్ద నిర్మాణం సంగతి. మా వైపు పుట్టినవాడికి వెలిగొండ ప్రాజెక్టు తెలియకుండా ఉండదు. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ప్రాజెక్టు అది. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండ కింద దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్ల దగ్గర డ్యాములు కట్టి చేసిన నల్లమల సాగర్. 43.5 టీఎంసీల నీళ్లు, దాదాపు నాలుగున్నర లక్షల ఎకరాలు. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయింది. తవ్వకం అయినా మిగతా పనులు, ముంపు గ్రామాల పునరావాసం ఇంకా మిగిలాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు.

ఆ ప్రాజెక్టు వద్దని నేననడం లేదు. ఆ నీళ్లు వస్తే నేనింత పొడుగు వ్యాసం రాయాల్సిన పనే ఉండదు. నేను అనేది వేరు. సొరంగం తవ్వేది యంత్రం. అందులో పెట్టిన కోట్లలో దోర్నాల సంతకు చేరేది తక్కువ. దాని లాభం పూర్తయిన తర్వాత నీళ్లుగా రావాలి. మాంద్యం వచ్చిన నెలలో కూలీకి కావాల్సింది వచ్చే శనివారం కూలి. కాబట్టి "మాంద్యంలో మౌలిక వసతుల మీద ఇన్ని వేల కోట్లు పెట్టాం" అని ఎవరన్నా చెప్తే, మొత్తం ఎంత అని మాత్రమే అడగొద్దు. అందులో కూలి ఎంత, అది ఎన్ని వారాల్లో చేతికొస్తుంది అని కూడా అడగాలి. ఉపాధి హామీ పథకంలో ఈ ఆలోచన ఉంది. కూలికి కనీసం 60, సామగ్రికి 40 అనే నిష్పత్తి అందుకే పెట్టారు. 2020లో ఆ పథకానికి బడ్జెట్‌లో ఇచ్చిన 61,500 కోట్లకు అదనంగా ఇంకో 40,000 కోట్లు ప్రకటించారు. ఆ ఎండాకాలం మా ఊరి చెరువు పూడిక తీసినవాళ్లలో హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కట్టి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీలు కూడా ఉన్నారు.

కష్టకాలంలో కట్టుబడి పని అనేది మా నేలకు కొత్త కూడా కాదు. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్య విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు ఈ రోజుకీ ఆయకట్టును పోషిస్తోంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ స్టేషన్ల మీదుగా గుంటూరు పోయే రైలు మార్గం, 1876-78 నాటి ఘోరమైన కరువు తర్వాత కరువు ప్రాంతాలకు ధాన్యం చేర్చడానికి తలపెట్టిన లైన్లలో ఒకటి. ఆ కాలంలో తెల్లదొరలు కరువు పనుల్లో ఇచ్చిన కూలి కడుపుకు సరిపోయేది కాదు, అందులో పొగిడేదేమీ లేదు. కానీ మనుషుల్ని మింగిన కరువు తర్వాత వేసిన ఆ దారినే మనం ఈ రోజు సెమిస్టరు సెలవులకు ఇంటికి పోతున్నాం.

ఒక జాగ్రత్త చెప్పాలి. నిర్మాణం అంటే రియల్ ఎస్టేట్ అనుకుని రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. రెండూ ఒకటి కాదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండకే వస్తుందని పుకారు లేచింది. బ్రిటిష్ కాలం నాటి విమానాశ్రయం స్థలం, ప్రభుత్వ భూములు ఉన్నాయి కాబట్టి జనం నమ్మారు. ఎకరాల ధరలు ఆకాశానికి పోయాయి. రాజధాని అమరావతికి పోయాక అవి అంతే వేగంగా దిగాయి. ఆ కొనుగోళ్లతో ఎంతమంది కూలీలకు పని దొరికింది? హద్దురాళ్లు పాతినవాళ్లకు ఒకటి రెండు రోజులు. చేతులు మారింది కాగితం, గోడ లేవలేదు. ఇప్పటికీ రోడ్డు పక్కన వెంచర్లలో రంగు వెలిసిన రాళ్లు, మధ్యలో సర్కారు తుమ్మ కనిపిస్తాయి. ప్లాటు మీద చిక్కుకున్న డబ్బు ఏ సంతకూ రాదు.

ఇంకో బాధ పలక గురించి. మార్కాపురం అంటే పలకలు. మన తాతల అక్షరాభ్యాసంలో మా రాయి ఉంది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయింది. అదే రాయిని గోడలకు, నేలకు వేసే డిజైన్ పలకలుగా కోసి విదేశాలకు పంపడం నేర్చుకున్నారు. బాగానే ఉంది. కానీ బయటి దేశాల్లో ఇళ్ల నిర్మాణం ఆగితే ఇక్కడ కోత మిషను ఆగుతుంది. మరి మా ఊళ్లో కడుతున్న ఇళ్లకు ఏం వేస్తున్నారు? గుజరాత్ నుంచి వచ్చే టైల్స్. కొండంత రాయి పక్కన పెట్టుకుని రెండు రాష్ట్రాల అవతల నుంచి నేల తెచ్చుకుంటున్నాం. మా నాయన్ను అడిగితే "రాయి మందం ఒకే తీరుగా ఉండదు అబ్బయ్యా, పరిచేవాడికి తిప్పలు, టైలు అయితే గబగబా పోతది" అన్నాడు. ఇది డబ్బు సమస్య కాదు, ఇంజినీరింగ్ సమస్య. మందం సరిచేసే చవక పద్ధతి, అతికించే మిశ్రమం, ఈ రెండూ ఫైనలియర్ ప్రాజెక్టుకు పనికొచ్చే విషయాలే. మనం మాత్రం ఏటా ఇంటర్నెట్లో దొరికే అవే పాత ప్రాజెక్టుల పేర్లు మార్చి పెడుతున్నాం. నేనూ మినీ ప్రాజెక్టుకు అదే చేశాను, ఒప్పుకుంటున్నాను.

ఇప్పటిదాకా నిర్మాణ రంగం ఊరికి ఏం ఇచ్చిందో చెప్పాను. ఊరు ఆ పని చేసేవాళ్లకు ఏం ఇచ్చింది? భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది. నిర్మాణ ఖర్చు మీద కనీసం ఒక శాతం సెస్సు వసూలు చేసి వాళ్ల సంక్షేమానికి వాడాలి. 2020 మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి చెప్పిన లెక్క ప్రకారం దేశంలో నమోదైన కార్మికులు 3.5 కోట్లు, ఆ నిధుల్లో ఉన్న డబ్బు 31,000 కోట్లు. ఆ డబ్బుతో కార్మికుల్ని ఆదుకోమని రాష్ట్రాలకు చెప్పారు. మా నాయనకు అందులో ఒక్క రూపాయి రాలేదు. ఆయనకు కార్డు లేదు. కార్డు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. ఈ వారం ఒకరింట్లో, వచ్చే వారం ఇంకొకరింట్లో పని చేసే మనిషికి రుజువు రాసిచ్చేదెవరు? రెండుసార్లు తిరిగాడు, రెండు రోజుల కూలి పోయింది, మూడోసారి పోలేదు. ఆయన కట్టిన ఇళ్లు చూపిస్తే చాలదా అని నాకప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం కంటే సిగ్గు ఎక్కువ. ఆ ఫారం నింపడం వచ్చిన పదో తరగతి వాడు ఇంట్లోనే ఉన్నాడు, వాడు ఫోన్లో ఆటలాడుకున్నాడు.

అందుకే నాకు తోచినవి మూడు చెప్తాను.

ఒకటి, మాంద్యం వచ్చినప్పుడు ప్రభుత్వాలు కొత్త శంకుస్థాపనల కంటే ముందు చేసిన పనుల బిల్లులు ఇవ్వాలి. బడి ప్రహరీ కట్టిన చిన్న కాంట్రాక్టరుకు బిల్లు ఆగితే ఆగేది ఆయన లాభం ఒక్కటే కాదు. మేస్త్రి బాకీ, కూలి బాకీ, కొట్టు బాకీ వరుసగా ఆగుతాయి. రెండు, ఇసుక లాంటి సరుకు మీద విధానం మార్చేటప్పుడు పాతది ఆపిన రోజే కొత్తది నడవాలి. మధ్యలో ఉండే మూడు నెలలు ఫైల్లో ఖాళీ, అడ్డా మీద ఆకలి. మూడు, ప్రతి చిన్న పనికీ కూలీల హాజరు రాసే పద్ధతి ఉండాలి. ఇంటి ప్లాను అనుమతికి ఇన్ని కాగితాలు అడుగుతున్నాం కదా, కట్టినవాళ్ల పేర్ల కాగితం ఒకటి అడిగితే తప్పేంటి? ఆ కాగితమే రేపు వాళ్లకు కార్డు అవుతుంది.

"అప్పు చేసి ఇల్లు కట్టినవాడు రేపు ఆ అప్పు ఎట్లా తీరుస్తాడు?" అని ఒక ఫ్రెండ్ అడిగాడు. నిజమే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన ఇల్లు మనిషిని మింగుతుంది, అలా మింగిన ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. నిర్మాణం ఒక్కటే ఊరిని ఎప్పటికీ సాకదు. నీళ్లు రావాలి, పంట రావాలి, పంట మీద ఆధారపడ్డ పరిశ్రమ రావాలి. నిర్మాణం చేసేది వంతెన పని. చెడ్డ రెండేళ్లను దాటిస్తుంది. దాటాక నడవాల్సిన దారి వేరే వేసుకోవాలి. కానీ వంతెనే లేకపోతే అవతలి దారి సంగతి మాట్లాడుకోవడానికి మనిషి మిగలడు, బస్సెక్కి పోతాడు.

నేను సివిల్ తీసుకున్నది అందుకు. మొన్న పండక్కి ఇంటికి పోయినప్పుడు మా నాయన ఒక గోడ దగ్గర నన్ను నిలబెట్టి "మట్టం సరిగా ఉందా చూడు ఇంజినీరూ" అన్నాడు. ఎగతాళో, పరీక్షో తెలియలేదు. తూకం గుండు వేలాడదీసి చూశాను. సరిగ్గానే ఉంది. ఆయన పని ఎప్పుడూ సరిగ్గానే ఉంది. ఈ సెలవుల్లో ఆయన కార్డు ఫారం నేను నింపుతున్నాను. మా వీధిలో ఇంకో పదకొండు మందివి కూడా. మీ ఊళ్లోనూ ఇలాంటి వాళ్లుంటారు. అడిగి చూడండి.